జనవరిలో మొదలెట్టిన అలవాటు అక్టోబరుకి అందాలంటే

ఒడిశాలో బరంపురం, ఛత్రపూర్, పర్లాకిమిడి వైపు ఉండే తెలుగువాళ్లకి ఏడాదిలో కొత్త సంవత్సరం మూడుసార్లు వస్తుంది. జనవరి 1న కేకుతో ఒకటి. మార్చి రెండో సగంలోనో ఏప్రిల్ మొదటి సగంలోనో వేపపువ్వుతో ఉగాది. ఏప్రిల్ 14 దరిదాపుల్లో మారేడు పానకంతో ఒడియావాళ్ల పాన సంక్రాంతి. ఇన్నిసార్లు వచ్చినా మనం అనుకునేది మాత్రం ఒక్కటే: ఈసారైనా కాస్త ప్రశాంతంగా బతకాలి. పొద్దున్నే నడవాలి, ధ్యానం చేయాలి, ఫోన్ తగ్గించాలి, రాత్రి పదింటికల్లా పడుకోవాలి. జనవరి మొదటి వారం అంతా బాగానే నడుస్తుంది. శివరాత్రికి చలితోపాటు తీర్మానం కూడా శివశివా అంటూ వెళ్లిపోతుంది.

మన బద్ధకమే కారణం అని అందరం సరిపెట్టుకుంటాం. ఇది మన ఒక్కళ్ల సంగతి కాదు. అమెరికా మనస్తత్వవేత్త జాన్ నార్‌క్రాస్ 1980లలో 200 మంది కొత్త సంవత్సరపు తీర్మానాలు ఏమయ్యాయో రెండేళ్లపాటు అడుగుతూ వచ్చాడు. మొదటి వారం నిలబెట్టుకున్నవాళ్లు 77 శాతం. రెండేళ్ల తర్వాత మిగిలింది 19 శాతం. నూటికి ఎనభైమంది బద్ధకస్తులు అనుకునే కంటే, మొదలుపెట్టే పద్ధతిలోనే ఏదో తేడా ఉందనుకోవడం న్యాయం.

మొదలుపెట్టడం వరకు తేదీ నిజంగానే సాయపడుతుంది. హెంగ్‌చెన్ డై, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ అనే ముగ్గురు పరిశోధకులు 2014లో ఈ విషయాన్ని లెక్కలతో చూపించారు. కొత్త వారం, కొత్త నెల, కొత్త ఏడాది మొదలవగానే జనం జిమ్ముకి ఎక్కువగా వెళ్తారు, గూగుల్‌లో ‘డైట్’ అని ఎక్కువగా వెతుకుతారు. నిన్నటిదాకా చేసిన తప్పులు పాత ఖాతాలోకి వెళ్లిపోయినట్టు, ఇవాళ్టి మనిషి వేరే మనిషైనట్టు అనిపించడం దీనికి కారణం అని వాళ్ల వివరణ. ఆ ఊపు కొద్దిరోజులే ఉంటుంది. ఆ రోజుల్లో మనం ఏం అమర్చుకున్నామన్నదే తర్వాత లెక్కకొస్తుంది.

మూడు పండగలకి మూడు తీర్మానాలు చేసుకోవడం దండగ అని నా అభిప్రాయం. ఒకే ఒక్క చిన్న అలవాటు పెట్టుకుని, జనవరిలో మొదలెట్టి, ఉగాదికి ఓసారి, పాన సంక్రాంతికి ఓసారి ఆగి చూసుకుంటే సరిపోతుంది. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ ఇరవయ్యొక్క రోజుల సంగతి తేల్చుకోవాలి.

‘21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుంది’ అన్న మాట వాట్సాప్‌లో మనందరికీ వచ్చే ఉంటుంది. దాని మూలం మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్. ఆపరేషన్ అయ్యాక రోగులు తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన 1960లో రాశాడు. నోటా నోటా పాకేసరికి ‘కనీసం’ అన్న మాట రాలిపోయింది, ముఖం కాస్తా ధ్యానంగా మారిపోయింది.

అసలైన కొలత చాలా కాలం తర్వాత వచ్చింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని తీసుకుని, ఒక్కొక్కరూ ఒక కొత్త పనిని రోజూ ఒకే సందర్భంలో చేసేలా 12 వారాలు గమనించింది. ఆ ఫలితాలు 2009లో వెలువడ్డాయి. ఆలోచించకుండా చేయి దానంతటదే కదిలే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు చాలాయి, కొందరికి 254 రోజుల దాకా పడుతుందని అంచనా తేలింది. మంచినీళ్లు తాగడం లాంటివి తొందరగా అలవడ్డాయి, వ్యాయామం ఆలస్యంగా.

ఈ అంకెల్ని మన క్యాలెండర్ మీద పరిచి చూడండి. జనవరి 1న మొదలుపెడితే 18 రోజులంటే భోగి, సంక్రాంతి, కనుమ అయిపోయి చుట్టాలు బస్సెక్కిన రోజులు. 66 అంటే మార్చి మొదటి వారం, ఇంకా ఉగాది రాలేదు. 254 అంటే సెప్టెంబరు రెండో వారం, వినాయక చవితి సందడి. అంటే ఉగాదికి ‘నా వల్ల కాలేదు’ అని వదిలేసేవాళ్లలో కొంతమంది నిజానికి దారి మధ్యలో ఉన్నారు.

అలవాటు ఎలా పుడుతుందో చూడాలంటే లండన్ దాకా పోనక్కర్లేదు, వీధి గుమ్మం ముందు చూస్తే చాలు. జనవరి 1 సరిగ్గా ధనుర్మాసం మధ్యలో పడుతుంది. అప్పటికే మన ఆడవాళ్లు రెండు వారాలుగా తెల్లారగట్ల లేచి ముగ్గులు వేస్తూ ఉంటారు. తలుపు గడియ తీస్తారు. గుమ్మం ఊడ్చి కళ్లాపి చల్లుతారు. నీళ్లని చీపురుతో అటూ ఇటూ తోసి, తడి పూర్తిగా ఆరకముందే వంగి చుక్కలు పెడతారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి ముగ్గు సన్నగా జారుతుంది. ఎన్ని చుక్కలో నోరు లెక్కపెట్టదు, చేయి లెక్కపెడుతుంది. ఆ పది నిమిషాలు ఎవరైనా పలకరించినా ‘ఊఁ’ తప్ప సమాధానం రాదు. దీన్ని ఎవరూ ధ్యానం అనరు. పక్క వాటాలోని ఒడియావాళ్లు మార్గశిర లక్ష్మివారాల్లో (గురువారాల్లో) నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండితో గడపల మీద, గోడల మీద వేసే ఝోటి కూడా అలాంటిదే.

ఈ పనిలో ఉన్న అమరిక గమనించదగ్గది. ఎప్పుడు వేయాలో గుర్తుపెట్టుకునే పని లేదు, తలుపు తీయడమే గుర్తు. ఎక్కడ అన్న ప్రశ్న లేదు. అయిపోయిందో లేదో కంటికే కనిపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, అది సాగుతుంది, ముడుచుకుంటుంది. పండగరోజు ఇరవయ్యొక్క చుక్కల రథం వేస్తారు, పిల్లాడి పరీక్ష రోజు నాలుగు గీతలు గీసి లోపలికి వచ్చేస్తారు. నాలుగు గీతల రోజున ‘ఈరోజు ముగ్గు తప్పింది’ అని ఎవరూ అనరు. మనం యూట్యూబు చూసి పెట్టుకునే తీర్మానాలకి ఈ సాగే గుణమే ఉండదు. పొద్దున్న ఐదింటికి లేచి, చన్నీళ్ల స్నానం చేసి, గంటసేపు ధ్యానం, ఆపైన డైరీ. ఒక్కరోజు జ్వరమొస్తే మొత్తం కూలిపోతుంది. ఆ వీడియోలు చేసేవాళ్లకి అదే ఉద్యోగం, మనకి వేరే ఉద్యోగం ఉంది.

ఒకే సందర్భంలో ఒకే పని మళ్లీ మళ్లీ చేస్తూ పోతే, మెదడు లోపలి బేసల్ గాంగ్లియా అనే భాగం ఆ వరసనంతా ఒకే మూటగా కట్టేస్తుంది. ఆ తర్వాత మొదటి అడుగు పడితే చాలు, మిగతావి ఆలోచన అడగకుండా నడిచిపోతాయి. కాబట్టి కొత్త అలవాటుకి కావలసింది గట్టి పట్టుదల కంటే ముందు గట్టి సందర్భం. జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో చెప్పింది ఇదే: ‘రోజూ ప్రాణాయామం చేస్తాను’ అనుకున్నవాళ్ల కంటే ‘ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను’ అని ముందే ముడిపెట్టుకున్నవాళ్లు ఎక్కువగా చేసి చూపిస్తారు.

దేనికి ముడిపెట్టాలన్నది ఎవరి ఇంటిని బట్టి వాళ్లు చూసుకోవలసిందే. పాలు పొంగేదాకా స్టవ్ దగ్గర ఎలాగూ నిలబడాలి. దుకాణం వాళ్లకి షట్టర్ ఎత్తాక మొదటి బేరం వచ్చేలోపు కాస్త వ్యవధి ఉంటుంది. ఇచ్ఛాపురం నుంచి రోజూ రైలెక్కి బరంపురం పనికొచ్చేవాళ్లకి సీటు దొరికిన క్షణం ఉంది, దొరకని రోజున కిటికీ కమ్మీ పట్టుకున్న క్షణం ఉంది. గోపాల్‌పూర్ ఒడ్డున వల బాగుచేసుకోవడానికి కూర్చునే మన మత్స్యకారులకి వల ఒళ్లోకి లాక్కోవడమే గుర్తు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. చాలామంది దీపం పెట్టడానికి ముడిపెడతారు. వినడానికి బాగుంటుంది, చాలా ఇళ్లలో నిలబడదు. నెలలో ఆ నాలుగు రోజులు ఆడవాళ్లు దేవుడి గదిలోకి వెళ్లని ఇళ్లున్నాయి. అయినవాళ్లలో ఎవరైనా పోతే మైల, పది రోజులు దీపం ఉండదు. సరిగ్గా మనసు ఎక్కువగా కలతపడే ఆ రోజుల్లోనే అలవాటు తెగిపోతుంది. దీపం దగ్గర ఎంత ప్రశాంతంగా ఉన్నా సరే, ముడి మాత్రం టీకో పాలకో వేసుకోండి. మైలలో కూడా టీ తాగుతాం.

రెండోది గడియారం. ఈ తూర్పు తీరంలో పొద్దు జూన్‌లో ఐదుంపావుకి కాస్త ముందే పొడుస్తుంది, జనవరిలో ఆరుంపావు దాటాక. ఆరింటికి అని పెట్టుకుంటే చలికాలం చీకట్లో చేస్తాం, ఎండాకాలం చెమటలో చేస్తాం. సందర్భం మారిపోతే మెదడుకి అది ఒకే పనిలా అనిపించదు.

ఇంతకీ ఏం చేయాలి? మనసు నెమ్మదించే పనులు చాలా ఉన్నాయి గానీ, అందరికీ అందేదీ, పైసా ఖర్చు లేనిదీ ఊపిరి. దాని వెనక ఉన్న యంత్రాంగం కూడా తేలిగ్గానే అర్థమవుతుంది. గాలి పీల్చినప్పుడు గుండె కొంచెం వేగంగా కొట్టుకుంటుంది, వదిలినప్పుడు కొంచెం నెమ్మదిస్తుంది. కావాలంటే మణికట్టు నాడి మీద వేళ్లు పెట్టి చూసుకోవచ్చు. వదిలేటప్పుడు నెమ్మదింపజేసేది మెదడు నుంచి గుండెకీ పొట్టకీ దిగే వేగస్ నాడి. కాబట్టి పీల్చేదాని కంటే వదిలేది పొడుగ్గా ఉంటే, నెమ్మదించే వైపు శరీరానికి ఎక్కువ సమయం దొరుకుతుంది. మామూలుగా మనం నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై సార్లు ఊపిరి తీస్తాం. అది ఆరు దగ్గరికి దిగినప్పుడు గుండె వేగంలోని హెచ్చుతగ్గులూ, రక్తపోటులోని హెచ్చుతగ్గులూ, ఊపిరీ ఒకే తాళంలో పడతాయి.

ఇటలీకి చెందిన లూచానో బెర్నార్డి బృందం 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చక్కటి సంగతి బయటపెట్టింది. ఇరవై ముగ్గురి చేత లాటిన్‌లో మేరీమాత ప్రార్థనా, ఒక యోగ మంత్రమూ చదివించి చూస్తే, రెండిట్లోనూ ఊపిరి దానంతటదే నిమిషానికి సుమారు ఆరుకి దిగింది. అరుగు మీద కూర్చుని జపమాల తిప్పే మామ్మకి ఈ లెక్క తెలియదు, ఆవిడ ఊపిరికి తెలుసు. మంత్రంలో మహిమ ఉందా లేదా అన్నది ఎవరి నమ్మకం వాళ్లది. ఊపిరి లెక్క మాత్రం నమ్మకం ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ ఒకటే.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంకో రకాన్ని పరీక్షించి, ఆ ఫలితాలు 2023లో వెలువరించారు. ముక్కుతో ఒకసారి పీల్చి, దాని మీదే ఇంకొంచెం పీల్చి, నోటితో పొడుగ్గా వదలడం. ఒక్క మాటలో చెప్పాలంటే నిట్టూర్పు. రోజుకి ఐదు నిమిషాలు చొప్పున నెలరోజులు ఇలా చేసినవాళ్లకి, అంతే సేపు ధ్యానం చేసినవాళ్ల కంటే మనసు ఎక్కువగా తేలికపడింది. పెద్దవాళ్లు ‘సాయంత్రంపూట నిట్టూర్చకు’ అని కసురుతారు గానీ, దాని వల్ల ఒంటికి మేలే.

ఐదు నిమిషాలు కూడా మొదట్లో ఎక్కువే అంటాను. పాలు పొంగేలోపు ఆరు ఊపిర్లు. అంతే, ఒక నిమిషం. తల తిరిగినట్టు అనిపిస్తే ఆపేసి మామూలుగా ఊపిరి తీసుకోవాలి. కుదిరిన రోజు అది దానంతటదే ఐదు నిమిషాలవుతుంది, కుదరని రోజు మూడు ఊపిర్లతో ముగిసినా అది నాలుగు గీతల ముగ్గే.

రాత్రికి ఇంకొకటి కావాలనుకునేవాళ్లకి కాగితం, పెన్ను చాలు. మైకల్ స్కల్లిన్ అనే నిద్ర పరిశోధకుడు 2018లో వెలువరించిన పరిశోధనలో 57 మంది యువతీ యువకుల్ని పడుకునే ముందు ఐదు నిమిషాలు రాయమన్నాడు. సగంమంది అప్పటికి పూర్తయిన పనులు రాశారు, సగంమంది రేపు, ఆ తర్వాత చేయాల్సిన పనులు రాశారు. చేయాల్సినవి రాసినవాళ్లు సుమారు తొమ్మిది నిమిషాలు ముందు నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా. ‘రేపు చాలా పనుంది’ అని రాస్తే లాభం లేదు. ‘గ్యాస్ బుక్ చేయాలి, పిల్లాడి ఫీజు కట్టాలి, ఎండ కాస్తే అప్పడాలు మేడ మీద ఆరెయ్యాలి, అప్పకి ఫోన్ చేయాలి’ అని రాయాలి. బుర్రలో తిరుగుతున్న పని కాగితం మీద కూర్చుంటే, బుర్ర దాన్ని మాటిమాటికీ గుర్తుచేయడం మానుకుంటుంది.

ఫోన్ సంగతి కూడా ఒక్క మాట. స్వీడన్‌లో వెయ్యిమందికి పైగా కొత్త సంవత్సరం తీర్మానాల్ని ఏడాదిపాటు గమనించి, ఆ ఫలితాలు 2020లో వెలువరించారు. ‘ఇది మానేస్తాను’ అన్నవాళ్లలో 47 శాతం నెగ్గితే, ‘ఇది చేస్తాను’ అన్నవాళ్లలో 59 శాతం నెగ్గారు. కాబట్టి ‘పొద్దున్నే ఫోన్ చూడను’ అని ఒట్టేసుకునే బదులు ‘గుమ్మంలో వెలుతురులో నిలబడి టీ తాగాకే ఫోన్’ అనుకోవడం మేలు. పొద్దుటి వెలుతురు కళ్ల మీద పడితే ఒంట్లోని గడియారం సర్దుకుని రాత్రి నిద్ర కూడా వేళకి వస్తుంది. అదొక అదనపు లాభం.

ఎన్ని చెప్పినా మధ్యలో తప్పుతుంది. ఇక్కడే చాలామంది ఓడిపోతారు. ‘నిన్న మానేశాను, ఇక అయిపోయింది, ఉగాదికి చూద్దాం’ అంటారు. లాలీ పరిశోధనలో తేలిందేమంటే, ఒక్కరోజు తప్పడం వల్ల అలవాటు బలపడటంలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. అసలు దెబ్బ తీసేది ఆ తర్వాత మనం మనల్ని తిట్టుకుంటూ గడిపే వారం.

ఈ విషయంలో ఒడియావాళ్ల ఆచారం ఒకటి నాకు భలే ఇష్టం. పాన సంక్రాంతి నాడు తులసికోట పైన అడుగున చిన్న కన్నం ఉన్న కుండ వేలాడదీస్తారు. బసుంధరా ఠేకి అంటారు. అందులో పోసిన నీళ్లు బొట్టుబొట్టుగా తులసి మీద పడుతుంటాయి. వైశాఖమంతా రోజూ నింపాలి. మా వీధిలో ఒకసారి కుండ ఎండిపోయి కనిపిస్తే, ‘మావుసీ, నిన్న పోయలేదా?’ అని అడిగాను. ‘నిన్న పెళ్లికెళ్లాం కదా’ అంటూనే చెంబుతో నీళ్లు ఒంపేసిందావిడ. ప్రాయశ్చిత్తం లేదు, నెలంతా మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టడమూ లేదు.

ఇదంతా ప్రశాంతంగా ఉన్న రోజుల్లో చేసుకునే పని. అప్పుడే చేయాలి కూడా. 2013లో వెలువడిన ఒక పరిశోధనలో మనస్తత్వవేత్త వెండీ వుడ్, ఆమెతో పనిచేసినవాళ్లు విద్యార్థుల్ని మామూలు వారాల్లోనూ, పరీక్షల వారాల్లోనూ గమనించారు. పరీక్షల టెన్షన్‌లో కొత్తగా ఆలోచించే ఓపిక ఉండదు కాబట్టి పిల్లలు తమ పాత అలవాట్లకే ఇంకా గట్టిగా అతుక్కున్నారు. మంచి టిఫిన్ తినే అలవాటున్నవాళ్లు అదే ఎక్కువగా తిన్నారు, స్వీట్లతో సరిపెట్టేవాళ్లు వాటినే ఎక్కువగా తిన్నారు. అంటే కష్టకాలంలో మనిషికి అప్పటికే ఉన్న అలవాటే చేతికొస్తుంది, అది మంచిదైనా చెడ్డదైనా.

మన వైపు కష్టకాలం ఏ నెలలో వస్తుందో కొత్తగా చెప్పక్కర్లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి, గజపతి జిల్లా కొండల్లో బీభత్సం చేసింది. అప్పటినుంచి దసరా దాటి దీపావళి వచ్చేదాకా సముద్రంలో ఏ అల్పపీడనం పుట్టినా ఇంట్లో టీవీ ఆగదు, ఫోన్ కింద పెట్టం, రాత్రి గాలి కిటికీ కొడితే లేచి కూర్చుంటాం. ఆ రాత్రి ‘ఊపిరి గట్రా నేర్చుకుందాం’ అనుకోవడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే. జనవరిలో మొదలైన అలవాటు మాత్రం, నిదానస్తుల లెక్క ప్రకారం చూసినా, సెప్టెంబరుకి కుదురుకుంటుంది. అక్టోబరుకి ముందు.

దీనికి ఉన్న హద్దులు కూడా చెప్పాలి. అప్పు మీద వడ్డీ ఆరు ఊపిర్లకి తగ్గదు. సూరత్ మగ్గాల మీదకి వెళ్లిన కొడుకు ఫోన్ ఎత్తకపోతే కలిగే దిగులు కాగితం మీద రాస్తే పోదు. అలవాటు ఆ దిగులు మధ్యలో ఒంటికి కాసేపు విశ్రాంతి ఇస్తుంది, సమస్య సంగతి విడిగా చూసుకోవాలి. రెండు వారాలకి పైగా నిద్ర పట్టకపోయినా, ఏ పని మీదా మనసు పోకపోయినా, బతుకు మీద విరక్తిగా ఉన్నా అలవాట్లతో కాలక్షేపం చేయకుండా డాక్టర్ని కలవాలి. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అంతదూరం వెళ్లలేనివాళ్లకి 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. 14416కి రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. బాధ చెప్పుకోవడానికి అమ్మభాష దొరకడం మనలాంటి సరిహద్దువాళ్లకి చిన్న విషయమేం కాదు.

ఇక ఉగాదినాడు చూసుకోవలసింది ఒకే ప్రశ్న: గుర్తుచేసుకోకుండా జరుగుతోందా? జరుగుతుంటే కదిలించకండి, ఇంకోటి తగిలించకండి. జరగకపోతే పట్టుదల లేదని తిట్టుకోకుండా ముడి ఎక్కడ జారుతోందో వెతకండి. పాలు కాచేది మీరు కాకపోవచ్చు, ఆ వేళకి మావగారు రేడియో పెట్టవచ్చు. పాన సంక్రాంతికి మరో తనిఖీ తప్పదు, ఎందుకంటే అప్పటికి ఎండలు ముదిరి ఒడిశా బడులు పొద్దుటిపూటకి మారతాయి. తెల్లారకముందే పిల్లల్ని తయారుచేసే ఇంట్లో పాలగిన్నె దగ్గర ఒక్క నిమిషం మిగలదు. ఆ కొద్ది వారాలు దాన్ని మధ్యాహ్నానికి జరుపుకోవచ్చు, బడి నుంచి వచ్చిన పిల్లలు అన్నం తిని పడుకున్నాక ఎండ రాకుండా కిటికీ మూసే వేళకి. సెలవులయ్యాక, జూన్‌లో బడి వేళలు మళ్లీ మారితే, పాలగిన్నె దగ్గరికి తెచ్చుకోవచ్చు.